కాలికి గాలి ఎక్కితే

మా ఊరు చిలమకూరులో చలినీళ్ళంటే మార్గశిరంలో తెల్లారకముందే తొట్టిలో చెంబు ముంచి తలమీద కుమ్మరించుకోవడమే. అంతకు మించిన చలినీళ్ళు మన వైపు ఎవరికీ తెలియవు. విశాఖ దగ్గర బంగాళాఖాతం కూడా చలికాలంలో 25 డిగ్రీలకు అటూ ఇటూ, ఎండాకాలంలో 30 దాకా ఉంటుంది. ఋషికొండలో స్కూబా డైవింగుకు దిగేవాళ్ళకు పలచని వెట్‌సూట్ ఒకటి చాలు. కొందరు బనీనుతోనే దిగుతారు.

అమెరికాలో సియాటిల్ పక్కన ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు మన తెలుగువాళ్ళు వేలమంది కాపురాలు పెట్టారు. వాళ్ళలో మా మనవరాలు ఒకతె. ఆ పాయలో మనిషి మునిగే లోతుకు పోతే నీళ్ళు దాదాపు ఏడాదంతా 7 నుంచి 13 డిగ్రీల మధ్యే ఉంటాయి. ఎడ్మండ్స్ అనే ఊరి ఒడ్డున 1935లో ముంచేసిన, ఓడలు బాగుచేసే పాత డ్రైడాక్ ఒకటుంది. దాని చుట్టూ చేపలు కాపురం పెట్టాయి. 1970లో ఆ చోటును నీటి అడుగు పార్కుగా ప్రకటించి అక్కడ వేట మాన్పించారు. పసిఫిక్ పెద్ద ఆక్టోపస్‌లు కూడా ఆ చుట్టుపక్కల కనిపిస్తాయట. ఈ పిల్లకు వాటి మోజు పట్టుకుంది.

నీళ్ళు మన ఒంటి వేడిని గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తాయి. పది డిగ్రీల గాలిలో స్వెటరు వేసుకుని కూర్చోవచ్చు. పది డిగ్రీల నీళ్ళలో అరగంట ఉంటే వేళ్ళు చెప్పిన మాట వినవు. అందుకే అక్కడివాళ్ళు డ్రైసూట్ తొడుక్కుంటారు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగువైన పట్టీలుండి లోపలికి నీళ్ళు రానివ్వని సూటు అది. దాని కింద దళసరి లోదుస్తులుంటాయి. వెచ్చదనం ఇచ్చేది మాత్రం సూటు గుడ్డ కాదు. లోదుస్తుల పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలే వెచ్చదనం ఇస్తుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో ముందు పని పడుతుంది.

"తాతా, సూటు కొన్నాను. ఫిన్స్ ఏవి కొనాలో తేలడం లేదు. ఒకరు బరువైనవి కొనమంటారు, ఒకరు తేలికవి కొనమంటారు" అని ఫోన్ చేసింది. ఫిన్స్ అంటే ఈదేటప్పుడు పాదాలకు తొడుక్కునే రెక్కలు. నేను సముద్రంలో మునిగినవాణ్ణి కాను. ఆర్కిమెడిస్‌నూ బాయిల్‌నూ ఏళ్ళ తరబడి పిల్లల చేత వల్లె వేయించిన బడిపంతుల్ని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ ఇద్దరే అని నాకు అప్పుడే అనిపించింది. అంగడివాడు వాళ్ళ తర్వాతే.

ముందు గాలి సంగతి చూద్దాం. మన బావుల్లో పిల్లవాడికి ఈత నేర్పేటప్పుడు వీపు మీదికి వచ్చేటట్టు నడుముకు బెండు కడతాం. అది అక్కడున్నంతసేపూ వాడు బోర్లా తేలుతూ చేతులూ కాళ్ళూ కొడతాడు. ముడి వదులై బెండు కాళ్ళ వైపు జారిందనుకోండి, కాళ్ళు పైకి లేస్తాయి, తల నీళ్ళలోకి పోతుంది. గట్టున నిలబడ్డవాడు దూకాల్సి వస్తుంది. డ్రైసూట్‌లోని గాలి అట్లా జారే బెండే. డైవర్ బోర్లా పడుకుని ఈదుతున్నప్పుడు తల కొంచెం కిందికి వంగితే చాలు, సూట్లోని గాలంతా ఎత్తుగా ఉన్న కాళ్ళ వైపు పాకుతుంది.

బెండుకు లేని గుణం ఒకటి గాలికి ఉంది. లోతు తగ్గేకొద్దీ అది ఉబ్బుతుంది. రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన సూత్రమే ఇది: ఒత్తిడి సగమైతే గాలి పరిమాణం రెండింతలవుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. నీటి పైన ఒకటుంటే 10 మీటర్ల దగ్గర రెండు, 20 మీటర్ల దగ్గర మూడు. 20 మీటర్ల లోతులో కాళ్ళ దగ్గర ఒక్క లీటరు గాలి చేరిందనుకుందాం. అదే గాలి 10 మీటర్ల దగ్గర లీటరున్నర అవుతుంది. బయటికి పోకుండా నీటి పైదాకా వస్తే మూడు లీటర్లు. లీటరు గాలి కాస్త అటూ ఇటూగా కిలో బరువును పైకి లేపుతుంది కాబట్టి, కాళ్ళకు మూడు కిలోల బెండు కట్టినట్టే. చివరి 10 మీటర్లలోనే అది రెండింతలైంది చూశారా? లోతులో అంతా బాగానే ఉన్నట్టుండి, పైకి వచ్చే వేళకు గొడవ మొదలవడం ఇందుకే.

ఎక్కువైన గాలిని వదలడానికి సూటుకు మామూలుగా ఎడమ భుజం కింద ఒక వాల్వు ఉంటుంది. గాలి వాల్వు దగ్గరికి వస్తేనే అది వదలగలదు. కాళ్ళు పైకీ తల కిందికీ అయినప్పుడు వాల్వు కింద ఉంటుంది, గాలి పాదాల్లో ఉంటుంది. పాదాల తొడుగులు బూరల్లా ఉబ్బుతాయి. అట్లా ఉబ్బి కాలిని ఫిన్‌లోంచి బయటికి నెట్టేస్తాయి. ఫిన్స్ ఊడిన మనిషికి నీళ్ళలో పట్టు దొరకదు, తలకిందులుగానే పైకి తేలిపోతాడు. ఊపిరితిత్తులకూ, రక్తంలో నైట్రోజన్ కరిగి ఉన్న ఒంటికీ ఆ వేగం చాలా ప్రమాదం. అందుకే డ్రైసూట్ శిక్షణలో మొదట నేర్పేవాటిలో పల్టీ ఒకటి: మోకాళ్ళు గుండెల దాకా ముడిచి, దొర్లి, తల పైకి తెచ్చుకుని, వాల్వు తెరవడం. బరువైన ఫిన్స్ కొంటే ఇదంతా అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మొద్దని మా పిల్లకు గట్టిగా చెప్పాను. ఫిన్ బరువు గాలిని కొంచెం అదుపులో పెడుతుంది. పల్టీ నేర్చుకోవడం తప్పదు.

ఇక బరువు సంగతికి వద్దాం. నాకు బాగా సరదా అనిపించింది ఇక్కడే.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇంట్లో కొక్కెం తూకం ఒకటి తప్పకుండా ఉంటుంది, విమానానికి పెట్టెలు తూచుకునేది. దానికి ఒక కడప బండ ముక్కను తాడుతో వేలాడదీసి తూచండి. 2 కిలోల 700 గ్రాములు ఉందనుకుందాం. ఇప్పుడు దాన్ని అడుగుకు తగలకుండా తొట్టి నీళ్ళలోకి దించండి. తూకం కిలో 700 దగ్గరికి వచ్చి ఆగుతుంది. మన సున్నపురాయి నీటికంటే దాదాపు 2.7 రెట్లు చిక్కనైనది. అంటే ఆ ముక్క ఒక లీటరు నీళ్ళను పక్కకు తోసింది, ఆ లీటరు నీటి బరువు తూకంలో తగ్గింది. మా ఊరి సిమెంటు ఫ్యాక్టరీ ఈ రాయిని కొండలకు కొండలు పిండి చేస్తోంది గానీ, ఆర్కిమెడిస్ కోసం ఒక ముక్క మిగిలితే చాలు.

బండ స్థానంలో ఇప్పుడు ఫిన్‌ను పెట్టండి. డైవింగ్ ఫిన్స్ తయారయ్యే సరుకుల్లో రెండింటిని చూద్దాం. నల్లని దళసరి రబ్బరు నీటికంటే కాస్త చిక్కన, 1.2 రెట్లు అనుకుందాం. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ 0.9 రెట్లు, అంటే నీళ్ళమీద తేలుతుంది. అంగట్లో చేత్తో పట్టుకుంటే రెండు కిలోల 400 గ్రాములుండే రబ్బరు ఫిన్స్ జత రెండు లీటర్ల నీళ్ళను తోస్తుంది. సముద్రపు నీరు లీటరు 1025 గ్రాములు కాబట్టి, లోపలికి దిగాక ఆ జత బరువు 350 గ్రాములే. మోయలేనంత బరువని వెనక్కి పెట్టేసిన ఫిన్స్ నీళ్ళలో అంతే తూగుతాయి. తేలిక ప్లాస్టిక్ జతకైతే బరువు మాట దేవుడెరుగు, అది కాళ్ళను పైకే లాగుతుంది.

అందుకే అంగడి కాటా మీద చూసిన బరువును నమ్మొద్దన్నాను. బకెట్ నిండా నీళ్ళు పట్టి, లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి, ఫిన్‌ను కొక్కేనికి తగిలించి మునిగేటట్టు దించి చూడమన్నాను. నిలువుగా దించితే మునిగేంత లోతైన బకెట్ కావాలి, లేకపోతే స్నానాల తొట్టి ఉంది. తూకం ఎంత చూపిస్తే అదే ఆ ఫిన్ అసలు బరువు. ఫిన్‌ను మడమకు పట్టి ఉంచే స్టీలు స్ప్రింగు పట్టీలను కూడా ఇట్లాగే చూడాలి. స్టీలు నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు చిక్కన కాబట్టి నీళ్ళలో దాని బరువు పెద్దగా తగ్గదు. 200 గ్రాముల స్ప్రింగులు నీళ్ళలోనూ 170 పైనే తూగుతాయి. రబ్బరు పట్టీ తీసేసి స్ప్రింగు వేస్తే కాళ్ళ బరువు సగం పెరిగినట్టే!

"అర కిలోతో ఏమవుతుంది తాతా, నేను నడుముకు అంతకు ఎన్నో రెట్లు సీసం కట్టుకుంటాను" అంది. అవుతుంది. ఎక్కడ కట్టామన్నదే లెక్క. నీళ్ళలో బోర్లా ఉన్న మనిషి నడుము చుట్టుపక్కల ఉన్న ఇరుసు మీద తిరుగుతాడు. ఆ ఇరుసు నుంచి ఎంత దూరంలో బరువుంటే అంత ఎక్కువగా తిప్పుతుంది. 350 గ్రాముల రబ్బరూ 175 గ్రాముల స్టీలూ కలిసి 525. అవి ఇరుసుకు మీటరు దూరంలో, పాదాల దగ్గర ఉన్నాయి. అదే పని బెల్టు సీసంతో, ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో చేయాలంటే రెండు కిలోల 600 గ్రాములు కావాలి. కాళ్ళు తేలిపోతున్నాయని బెల్టులో సీసం పెంచుకుంటూ పోయేవాళ్ళకు ఈ లెక్క చూపించాలి. సీసం పెరిగితే మునగకుండా ఉండడానికి సూట్లో ఇంకాస్త గాలి పోయాలి, ఆ గాలి మళ్ళీ కాళ్ళకే పోతుంది.

చీలమండలకు కట్టుకునే చిన్న సీసపు పట్టీలు కూడా అమ్ముతారు. నాకైతే అవి రెండో మాటే. ఫిన్ ఎట్లాగూ వేసుకోవాలి, ఆ బరువేదో దానిలోనే ఉంటే సరిపోతుంది గదా. విడిగా కట్టిన సీసాన్ని ప్రతి తన్నుకూ ఊరికే మోయాలి.

అలాగని బరువు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోకూడదు. మా మనవరాలు సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఆరడుగుల మనిషికి సరిగ్గా తూగే ఫిన్స్ ఈమె కాళ్ళను నేలకు దించేస్తాయి. అప్పుడు ఏటవాలుగా ఈదాలి, ప్రతి తన్నుకూ అడుగునున్న బురద లేస్తుంది, వెనకొచ్చేవాళ్ళకు ఆక్టోపస్ కాదు గదా సొంత చెయ్యి కనపడదు. తేల్చుకునే దారి ఒకటుంది. డైవ్ చివర, సిలిండరులో గాలి తక్కువగా ఉన్నప్పుడు, అయిదు మీటర్ల లోతులో, పక్కన మనిషిని పెట్టుకుని, చేతులూ కాళ్ళూ ఆడించకుండా బల్లపరుపుగా పడుకోవాలి. ఏ కొస ముందు దిగుతుందో చూడాలి. గాలి తక్కువైనప్పుడే ఎందుకంటే, గాలికీ బరువుంది. 11 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపితే 2200 లీటర్ల గాలి పడుతుంది. లీటరు 1.2 గ్రాముల చొప్పున అది రెండున్నర కిలోలు దాటుతుంది. నిండు సిలిండరుతో కుదిరిన తూకం ఖాళీ అయ్యేసరికి చెడుతుంది.

బరువు తర్వాత పాదం పట్టే జేబు. బంగాళాఖాతంలోనో అండమాన్లోనో వట్టి కాలితో తొడుక్కునే మూత మడమ ఫిన్స్ డ్రైసూట్‌కు పనికిరావు. డ్రైసూట్‌కు అతికించిన బూటు లావుగా ఉంటుంది. కొన్ని సూట్లకు మెత్తని సాక్సు మాత్రమే ఉండి, దాని మీద విడిగా గట్టి బూటు వేసుకోవాలి, అది ఇంకా లావు. లోపల ఉన్ని సాక్సులు వేరే. కాలి సైజు ఎంత చిన్నదైనా ఫిన్ జేబు పెద్దది కావాలి. కాబట్టి సూటు రాకముందు ఫిన్స్ కొనడం దండగ. సూటు బూటు, లోపలి సాక్సులు సంచిలో వేసుకుపోయి అంగట్లో అన్నీ తొడిగి చూడాలి.

జేబు బిగువుగా ఉంటే గట్టిపట్టు ఉంటుందనుకుంటారు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న సంగతి ఇక్కడ కావాలి. వెచ్చదనం ఇచ్చేది పోగుల మధ్య గాలి. బిగువైన జేబు సాక్సును నలిపి ఆ గాలిని పిండేస్తుంది. దానికి తోడు వేళ్ళకు నెత్తురు ఆడదు. మనిషి ఎన్ని దుస్తులు తొడిగినా కాలివేళ్ళు మొద్దుబారేది అందుకే. మరీ వదులైతే మరో చిక్కు: తన్నిన తన్నులో సగం ఫిన్‌కు చేరకముందే బూటు ఊగడంలో పోతుంది, పిక్కలు పట్టేస్తాయి, గాలి ఉబ్బినప్పుడు ఊడిపోవడమూ తేలిక. వేళ్ళు ఆడేంత చోటుండి, బూటు అటూ ఇటూ ఊగకుండా ఉండాలి. నియోప్రీన్ బూటైతే లోతులో నలిగి సన్నబడుతుంది. స్ప్రింగు పట్టీ దానంతట అదే బిగుసుకుంటుంది, రబ్బరు పట్టీని పైనే సరిచేసుకుని దిగాలి. చలికి వేసుకున్న దళసరి చేతి తొడుగులతో చిన్న బకిల్ పట్టుకోవడం ఎంత కష్టమో ఒకసారి ఊహించుకోండి. స్ప్రింగుకు నా ఓటు అందుకే.

ఇక రెక్క. నీళ్ళలో వేగం రెండింతలైతే అడ్డు నాలుగింతలవుతుంది. ఉబ్బెత్తుగా, ముడతలు పడి ఉండే డ్రైసూట్ మనిషికి ఆ అడ్డు మామూలుగానే ఎక్కువ. మెత్తటి రెక్క ఆ బరువుకు వంగిపోయి నీళ్ళను వెనక్కి నెట్టకుండా పక్కలకు జార్చేస్తుంది. అందుకే చలినీళ్ళ డైవర్లు పొట్టిగా, వెడల్పుగా, గట్టిగా ఉండేవాటిని ఎంచుకుంటారు. వాళ్ళు ఎక్కువగా తన్నేది కప్పలాగా: మోకాళ్ళు మడిచి, పాదాలు పక్కకు తిప్పి, అరికాళ్ళతో నీళ్ళను వెనక్కి నెట్టడం. బురద లేవదు, ఉన్నచోటే తిరగొచ్చు, నేర్చుకుంటే వెనక్కి కూడా ఈదొచ్చు. మధ్యలో చీలిక ఉన్న ఫిన్స్ కిందా పైనా కొట్టే ఈతకు హాయిగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మేలు. వెనక్కి రమ్మంటే మాత్రం మొరాయిస్తాయి. ఊపిరి బిగబట్టి మునిగేవాళ్ళ పొడవాటి ఫిన్స్ ఈ పనికి కావు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నప్పుడు చేతులకు చెక్క పలకలు పట్టుకుని ఈదాడని ఆయనే రాసుకున్నాడు. పాదాలకూ ఏవో పలకలు కట్టి చూశాడట గానీ నచ్చలేదు. ఈతలో పాదం లోపలి పక్కా, చీలమండా కూడా నీళ్ళను నెడతాయని అప్పుడే గమనించాడు. కప్ప తన్నుకు అదే ఆధారం! మనమెరిగిన రబ్బరు ఫిన్స్ మీద పేటెంటు 1933లో ఫ్రెంచి నౌకాధికారి లూయీ ద కోర్లియూ తీసుకున్నాడు. అమెరికాలో వాటిని అమ్మినవాడు ఓవెన్ చర్చిల్, 1932 ఒలింపిక్స్‌లో పడవ పందెంలో బంగారు పతకం గెలిచిన మనిషి. 1960ల్లో మార్సెయ్‌కు చెందిన జార్జ్ బ్యూషా రెక్కలో గవాక్షాల్లాంటి కంతలు పెట్టి జెట్ ఫిన్ తయారుచేశాడు. నల్లని బరువైన ఆ రబ్బరు ఫిన్ దాదాపు అదే రూపంతో ఇప్పటికీ అమ్ముడుపోతోంది. అరవై ఏళ్ళుగా మారని వస్తువు ఈ కాలంలో ఇంకేముంది చెప్పండి! నీళ్ళలో కొంచెం మునుగుతుంది, గట్టిగా ఉంటుంది, జేబు పెద్దది. డ్రైసూట్‌కు అడిగినవన్నీ దానిలోనే ఉన్నాయి.

ఫిన్ ఎంత గొప్పదైనా ప్రవాహంతో పందెం పెట్టుకోకూడదని కూడా ఆ పిల్లకు చెప్పాను. ఫిన్స్ వేసుకున్న డైవర్ అలసిపోకుండా ఈదగలిగే వేగం సెకనుకు అర మీటరు, ఆ చుట్టుపక్కలే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు మన రెండు రాష్ట్రాలూ టీవీల ముందు కూర్చుని చూశాయి. గజ ఈతగాళ్ళూ, నౌకాదళం డైవర్లూ వచ్చినా ఆ సుడుల దగ్గర నది మాటే చెల్లింది. వరద తగ్గాక కాకినాడ ధర్మాడి సత్యం బృందం, విశాఖ నుంచి వచ్చిన డైవర్లు అడుగుకు దిగి తాళ్ళు కట్టగా, అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు లాగింది. ప్యూజెట్ సౌండ్‌లోనూ ఆటుపోట్లకు నీళ్ళు నదిలా పరుగెడతాయి. అందుకే అక్కడివాళ్ళు పోటుకూ పాటుకూ మధ్య నీరు నిలకడగా ఉండే వేళ చూసి దిగుతారు. మా పెన్నకైతే ఏడాదిలో ఎక్కువ నెలలు ఫిన్స్ కాదు, ఇసుకలో దిగబడని బండి కావాలి.

చివరికి మా మనవరాలు రెండు సైజుల రబ్బరు ఫిన్స్ అద్దెకు తెచ్చుకుని, వీడియో కాల్ పెట్టి స్నానాల తొట్టిలో ఉప్పునీళ్ళు కలిపి తూచింది. పెద్ద జత ఎక్కువ తూగింది, చిన్న దాంట్లో బూటు దూరలేదు. రబ్బరులోనే కాస్త తేలిక రకం ఒకటి, అదే పెద్ద జేబుతో దొరుకుతుందట, దాన్ని అద్దెకు తీసుకుని చూస్తానంది. ఈసారి పండక్కి వచ్చినప్పుడు ఋషికొండలో కూడా దిగాలని ఉంది, అవే తెచ్చుకోనా అని అడిగింది. వద్దన్నాను. అక్కడ ఒంటి మీద పలచని వెట్‌సూట్, కాళ్ళ దగ్గర గాలి లేదు, లేపే బెండు లేదు. ఈ బరువు కాళ్ళను కిందికి లాగుతుంది, అంత పెద్ద జేబులో మన సన్నటి పాదం ఊగుతుంది. అక్కడికి తేలే ప్లాస్టిక్ జత చాలు, అది అద్దెకు దొరుకుతుంది.